ఆఫీసులో జావా

2013 జనవరి 18, శుక్రవారం. షార్జాలో రోలా దగ్గర మా గది. పొద్దున్న ఎనిమిదింటికే టీ పెట్టుకుని లాప్‌టాప్ తెరిచాను. జాబితా ఉన్న ఫైలు తెరుచుకుంది గానీ, అందులో పట్టిక మీద నొక్కగానే చిన్న పెట్టె ఒకటి పైకొచ్చి, ఈ పని చెయ్యాలంటే జావా రన్‌టైమ్ కావాలి, అది ఇక్కడ లేదు అంది. పోయిన శుక్రవారం దాకా ఉంది. ఈ శుక్రవారం లేదు. తొమ్మిదిన్నరకి మనుషులు రావడం మొదలవుతుంది.

ఆ జాబితా ఏమిటో ముందు చెప్పాలి. 2012 డిసెంబరు 4న యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువు రెండు నెలలు, ఫిబ్రవరి 3 దాకా. వీసా అయిపోయి ఉండిపోయినవాళ్లు, కంపెనీ వదిలి బయటపడి దొరికిన పని చేసుకుంటున్నవాళ్లు ఆ లోపు జరిమానా లేకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. మన తెలంగాణ జిల్లాల వాళ్లు ఇలాంటివాళ్లని 'కల్లివెల్లి' అంటారు. 'పోనీ, వదిలెయ్' అని ఇక్కడి బజారు భాషలో అనే మాటే అది. మనవాళ్ల నోట్లో పడి మనిషికి పేరైపోయింది. కల్లివెల్లి అయినవాడి పాస్‌పోర్టు చాలాసార్లు పాత కఫీలు దగ్గరే ఉండిపోతుంది. అలాంటప్పుడు అబుదాబిలో మన రాయబార కార్యాలయమో, దుబాయిలో కాన్సులేటో ఔట్‌పాస్ ఇవ్వాలి. దానికి ఫారం, ఫొటోలు, తండ్రి పేరు, ఊరు, మండలం, పాత పాస్‌పోర్టు నకలు ఉంటే అది. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చిన చాలామందికి ఆ ఫారం నింపడమే పెద్ద పని. మేం ఐదారుగురం శుక్రవారాలు కూర్చుని ఆ పని చేసేవాళ్లం. సంఘం లేదు, బ్యానరు లేదు. మాలో పెద్దాయన ఒకాయన నిజామాబాద్ వైపు మనిషి, ముప్పై ఏళ్ల నుంచి ఇక్కడే ఉన్నాడు. అందరం కాకా అనేవాళ్లం.

నేను ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. ప్రోగ్రాములు రాయడం రాదు. కానీ జాబితా అంటే నాకు సరదా. మొదటి వారం నోటుపుస్తకంలో రాశాం. రెండో వారానికి ఒకే మనిషి మూడుచోట్ల మూడు రకాలుగా పడ్డాడు. అందుకని లిబ్రె ఆఫీసులో బేస్ అనే విభాగంలో ఒక పట్టిక చేశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను, ఫొటోలు ఇచ్చాడా, కాన్సులేటుకి ఎప్పుడు వెళ్లాలి. దాన్ని రైటర్‌కి జోడించి ఒక్కొక్కరికీ ఒక చీటీ అచ్చు తీసేవాళ్లం. అప్పట్లో ఎఫ్4 నొక్కితే పట్టిక పైన వచ్చేది, గడుల పేర్లు పట్టుకుని ఉత్తరంలోకి లాగడమే. చీటీలో వివరాలు ఇంగ్లీషులో, ఏ రోజు ఏమేం తెచ్చుకోవాలో తెలుగులో, దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి రెండు వాక్యాలు అరబ్బీలో. అరబ్బీ వాక్యాలు మా సందు చివర టైపింగ్ సెంటర్‌లో ఒక మలయాళీ కొట్టిపెట్టాడు, డబ్బులు తీసుకోలేదు.

ఇక్కడ ఒక పిట్టకథ. రైటర్ దృష్టిలో తెలుగూ అరబ్బీ ఒకే కుటుంబం. రెంటినీ 'సంక్లిష్ట లిపి' అని ఒకే గాటన కట్టి, శైలిలో రెంటికీ కలిపి ఒకే ఖతి గడి ఇచ్చారు. తెలుగుకి గౌతమి పెడితే అరబ్బీకీ అదే వర్తిస్తుంది, అందులో అరబ్బీ ఉండదు కాబట్టి వ్యవస్థ ఏదో ఒక ఖతి తెచ్చి అతికిస్తుంది. అరబ్బీ బాగుండాలని ఆ గడి మారిస్తే తెలుగు చెదురుతుంది. చివరికి అరబ్బీ వాక్యాలకి వేరే శైలి చేసి ఊపిరి పీల్చుకున్నాను. కుడి నుంచి ఎడమకి వెళ్లే లిపీ, ఒత్తులు కిందికి దిగే లిపీ కలిసి ఒక గడిలో కాపురం చెయ్యాలని ఎవరు అనుకున్నారో గానీ, దేరాలో మా పాత గదిలో ఆరుగురం ఉన్న రోజులు గుర్తొచ్చాయి.

మళ్లీ ఆ శుక్రవారానికి వస్తాను. జావా ఎక్కడికి పోయింది? నా గదిలోనే ఉండే తమ్ముడు, హైదరాబాదు కుర్రాడు, సొంత తమ్ముడు కాదు గానీ అంతకంటే ఎక్కువ, బుధవారం నాడు తీసేశాడు. తప్పు వాడిది కాదు. ఆ జనవరి 10న జావా 7లో పెద్ద రంధ్రం బయటపడింది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే స్వయంగా, బ్రౌజర్లలో జావా ఆపెయ్యండి అని చెప్పింది. 13న ఒరాకిల్ సవరణ విడుదల చేసినా, అయినా ఆపి ఉంచడమే మేలన్నారు. ప్రమాదం బ్రౌజరులో అతుక్కునే జావాతో. డెస్క్‌టాప్ మీద మన పని మనం చేసుకునే జావాతో కాదు. కానీ వార్తలు అంత తేడా చెప్పవు. 'జావా ప్రమాదం' అన్నారు, వాడు మొత్తం పీకేశాడు. ఆ నెలలో ప్రపంచం మీద ఎన్ని లక్షలమంది అదే పని చేసుంటారో.

మళ్లీ పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. దింపి పెట్టాను. లిబ్రె ఆఫీసు ఐచ్ఛికాల్లోకి వెళ్లి జావా పేజీ తెరిస్తే జాబితా ఖాళీ. ఉన్నదాన్ని గుర్తుపట్టదు. మళ్లీ పెట్టాను. మళ్లీ ఖాళీ. అసలు సంగతి పదకొండింటికి తెలిసింది. మా విండోస్ 64 బిట్లది, నేను దింపిన జావా 64 బిట్లది, లిబ్రె ఆఫీసు మాత్రం 32 బిట్లది. విండోస్ మీద 64 బిట్ల లిబ్రె ఆఫీసు 2015 ఆగస్టులో 5.0 వచ్చేదాకా లేదు. 32 బిట్ల కార్యక్రమం తన కడుపులోకి 64 బిట్ల జావాని లాక్కోలేదు. ఒకే ఇంట్లో ఉన్నా ఒకరికొకరు కనబడరు. 32 బిట్లది వెతికి పెట్టేసరికి గదిలో పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు, మెట్ల మీద ఇంకా కొందరు. కాకా అందరికీ టీలు చెప్పి, వచ్చినవాళ్ల పేర్లు పాత క్యాలెండరు వెనక రాస్తున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, వేరే కారణాలూ ఉన్నాయి, చెబుతాను. కానీ ఒక ప్రశ్న మాత్రం అప్పుడే మొదలైంది. ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేరుకి జావాతో ఏం పని? ఆ తర్వాత చాలా ఏళ్లు తీరిక దొరికినప్పుడల్లా ఆ కథ తవ్వుకున్నాను.

కథ జర్మనీలో ల్యూనెబర్గ్ అనే ఊళ్లో మొదలవుతుంది. 1985లో మార్కో బోరీస్ అనే పదహారేళ్ల కుర్రాడు స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టి స్టార్ రైటర్ అనే రచనా సాధనం అమ్మాడు. అది పెరిగి స్టార్ ఆఫీసు అయింది. రాసింది సీ ప్లస్ ప్లస్ భాషలో. జావా ఆనవాలు కూడా లేదు, ఎందుకంటే జావా అప్పటికి పుట్టనేలేదు. 1999 ఆగస్టులో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని 7 కోట్ల 35 లక్షల డాలర్లకి కొంది. సన్ ఉద్యోగులందరికీ మైక్రోసాఫ్ట్ ఆఫీసు కొనిపెట్టడం కన్నా ఒక ఆఫీసు కంపెనీనే కొనడం చవక పడిందని సన్‌లో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. పాల ప్యాకెట్లు కొనలేక గేదెనే కొన్నట్టు. 2000 అక్టోబరు 13న ఆ గేదెని ఊరికి వదిలేశారు: మూలం మొత్తం ఓపెన్ ఆఫీస్ పేరుతో బయటపెట్టారు. అదే అక్టోబరులో ఇక్కడ దుబాయిలో, షేక్ జాయెద్ రోడ్డు పక్కన, ఇంటర్నెట్ సిటీ తెరిచారు. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ నా బుర్రలో ఈ రెండూ ఒకే నెల కింద పడి ఉంటాయి.

సన్ ఎవరు? జావా కన్నవాళ్లు. 1991లో జేమ్స్ గోస్లింగ్ వాళ్లు ఓక్ అని మొదలుపెట్టి, ఆ పేరు ఇంకొకరిదని తెలిసి, 1995లో కాఫీ పేరు పెట్టుకున్నారు. జావా దీవికి కాఫీ మొక్క వెళ్లింది మన మలబారు తీరం నుంచి, డచ్చి వాళ్ల ఓడల్లో. మలబారుకి దాని కన్నా ముందు యెమెన్ నుంచి, మోకా రేవు వైపు నుంచి. అంటే ఈ అరేబియా ద్వీపకల్పపు కాఫీయే చుట్టు తిరిగి ఆ పేరైంది. జావాస్క్రిప్టుకి నెట్‌స్కేప్‌లో మొదట పెట్టుకున్న పేరు కూడా మోకానే. ఇక్కడ ఒక దిర్హం నాణెం మీద ఉండేది దల్లా, అరబ్బుల కాఫీ కూజా. జావా గుర్తు పొగలు కక్కే కాఫీ కప్పు. జావా అనువదించిన ప్రతి క్లాస్ ఫైలూ మొదలయ్యేది నాలుగు బైట్లతో, పదహారు అంకెల లెక్కలో వాటిని చదివితే 'కెఫే బేబ్' అని వస్తుంది. సరదాగా చేసిన హాస్యం అది, ఇప్పటికీ ప్రతి ఫైలు నుదుటా ఉంది.

సొంత బిడ్డని వదిలేసి ఎవరైనా ఇంకొకరి బిడ్డని పెంచుతారా? సన్ వాళ్లు ఆఫీసులోకి జావాని తీసుకొచ్చారు. దానికి దారి అప్పటికే ఉంది. స్టార్ డివిజన్ వాళ్లు యూనో అని ఒక వంతెన కట్టుకున్నారు: పత్రం, పేరా, గడి, పట్టిక, అన్నీ వస్తువులు, ఏ భాషలో రాసిన వస్తువు అయినా ఆ వంతెన మీదుగా ఇంకో భాషలోని వస్తువుతో మాట్లాడొచ్చు. సీ ప్లస్ ప్లస్‌తో కట్టిన ఇంటికి జావా గది జోడించడం దానివల్ల తేలికైంది. ఉత్తరాలు, ఫ్యాక్సులు తయారు చేసే విజర్డులు జావా. మ్యాక్రోలు రాసుకునే బీన్‌షెల్ జావా. 2005 అక్టోబరులో 2.0 వచ్చినప్పుడు చేర్చిన బేస్ లోపలి డేటాబేస్ యంత్రం, హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ, పూర్తిగా జావా.

ఈ చివరిది ఆఫీసువాళ్లు రాసింది కాదు. స్విట్జర్లాండులో థామస్ ముల్లర్ అనే ఆయన హైపర్‌సానిక్ ఎస్‌క్యూఎల్ అని చిన్న డేటాబేస్ రాసి వదిలేస్తే, 2001లో ఇంకొందరు దాన్ని అందుకుని కొనసాగించారు. ఎవరైనా వాడుకోవచ్చనే ఉదారమైన షరతు. ఓపెన్ ఆఫీసు దాన్ని తెచ్చి కడుపులో పెట్టుకుంది. బయటి జావా గ్రంథాలయాన్ని పత్రాల సాఫ్ట్‌వేరులో వాడుకోవడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. మెనూలో ఎక్కడా దాని పేరు పెద్దగా కనబడదు, లేకపోతే మాత్రం ఆ చిన్న పెట్టె వస్తుంది.

దీనిమీద అప్పుడే గొడవ జరిగింది. అప్పటికి జావా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కాదు. వాడుకోవడానికి ఉచితం, మూలం తెరిచి లేదు. 2004లో రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని 'జావా ఉచ్చు' అన్నాడు: మీ ఇల్లు మీదే, కానీ పునాది రాళ్లు ఇంకొకడివి. రెడ్‌హ్యాట్ వాళ్లు పట్టుదలగా సన్ జావా లేకుండా, జీసీజే అనే స్వేచ్ఛా అనువాదకంతో ఓపెన్ ఆఫీసులోని జావా భాగాలు కట్టి చూపించారు. ఆ ఒత్తిడి ఎంత పనిచేసిందో గానీ, 2006 నవంబరు 13న సన్ జావాని జీపీఎల్ కింద తెరుస్తున్నట్టు ప్రకటించింది. ఉచ్చు విడిపోయిందని స్టాల్‌మన్ కూడా ఒప్పుకున్నాడు. నా మటుకు నాకు ఆయన మాటల్లో సగం ఛాదస్తంగా తోచేది. 2013 జనవరిలో, మెట్ల మీద మనుషులు కూర్చుని ఉండగా, మిగతా సగం అర్థమైంది. లైసెన్సు గొడవ కాదు నాకు. నా పత్రం తెరుచుకోవడం ఇంకెక్కడి నుంచో తెచ్చుకునే ఇంకో వస్తువు మీద ఆధారపడిందన్న సంగతి నాకే తెలియకపోవడం.

2010 జనవరిలో ఒరాకిల్ సన్‌ని మింగింది. జావా, ఓపెన్ ఆఫీసు రెండూ ఒకే పళ్లెంలో వెళ్లాయి. ఆగస్టులో ఒరాకిల్ జావా విషయమై గూగుల్ మీద కోర్టుకెక్కింది, ఆ వ్యాజ్యం 2021 దాకా సాగింది. ఇంకొక నెలకి, సెప్టెంబరు 28న, ఓపెన్ ఆఫీసు పనివాళ్లు చాలామంది బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని లిబ్రె ఆఫీసు మొదలుపెట్టారు. కొత్త ఇంట్లో జావాని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. కొన్ని విజర్డుల్ని పైథాన్‌లోకి తిరగరాశారు. 4.2లో ఫైర్‌బర్డ్ అనే వేరే డేటాబేస్ యంత్రాన్ని ప్రయోగాత్మకంగా తెచ్చారు, అది సీ ప్లస్ ప్లస్. అయినా జావా ఇంకా పోలేదు, పోదు కూడా.

ఇక్కడ మనవైపు సంగతి ఒకటి. 2005లో భారత ప్రభుత్వం తెలుగు ఉపకరణాలు, ఖతులు ఒక సీడీలో పెట్టి ఉచితంగా పంచింది గుర్తుందా? అందులో మెనూలన్నీ తెలుగులో ఉన్న భారతీయ ఓపెన్ ఆఫీసు ఉండేది. మా అన్నయ్య రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ల చేత పంపాడు. 'దస్త్రము' అన్న మాట తెర మీద చూసి ఆ రోజు నేను పొందిన ఆనందం ఇప్పుడు చెబితే నవ్వుతారు. తెలుగు అక్షరం జావాకి మొదటి నుంచీ తెలుసు. 1991 నాటి యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది, జావా పుట్టినప్పుడే దాని అక్షరం యూనికోడ్ అక్షరం. తెర మీద ఒత్తులు సరిగ్గా రాకపోవచ్చు గానీ, లోపల పేరు చెడదు. దీని విలువ తర్వాత వారం తెలిసింది.

నిద్రపట్టకపోవడానికి కారణం ఇప్పుడు చెబుతాను. జావా వచ్చింది, పట్టిక తెరుచుకుంది, చివరి వరసలు చూశాను. పోయిన శుక్రవారం, జనవరి 11న రాసిన పదకొండు మంది లేరు.

ఆ రోజు సాయంత్రం తమ్ముడు ఆ పదకొండు మందినీ ఎక్కించాడు. ప్రతి మనిషికీ రికార్డు భద్రపరచు అని నొక్కాడు కూడా. తర్వాత ఎవరో ఛార్జర్ తీసి ఫోను పెట్టుకున్నారు, బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ ఆరిపోయింది. అప్పట్లో నాకు తెలియంది ఇది: బేస్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాన్ని తెరిచినప్పుడు లోపలి డేటాబేస్‌ని విప్పి ఒక తాత్కాలిక చోట పరుస్తుంది. మనం రాసేదంతా అక్కడ రాస్తుంది. ఫైలుని భద్రపరిచినప్పుడో, సరిగ్గా మూసినప్పుడో మళ్లీ మూట కడుతుంది. రికార్డు భద్రపరచడం వేరు, మూట కట్టడం వేరు. మధ్యలో కరెంటు పోతే మిగిలేది పాత మూటే. రెండు బొత్తాలూ ఒకే బొమ్మతో ఉంటే ఎవరికి తెలుస్తుంది? నేను పెట్టిన పద్ధతి అది, నేర్చుకుని పెట్టాల్సింది నేను.

మర్నాడు కాకాకి చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. "గా డబ్బాల పేర్లు పోయినయ్ గని మనుషులైతే పోలే గద బిడ్డా. మల్ల రాసుకుందాం తియ్" అన్నాడు. చీటీలు, ఫొటోల వెనక రాసిన పేర్లు, ఫోనుల్లో కాల్ జాబితాలు, అన్నీ ముందేసుకుని కూర్చున్నాం. రాత్రి పన్నెండింటికి పదిమంది దొరికారు. పదకొండో మనిషి దొరకలేదు. తమ్ముడికి అతని పేరు గుర్తుంది, జగిత్యాల వైపు అన్నది గుర్తుంది, అజ్మాన్‌లో తాపీపని చేస్తున్నాడని గుర్తుంది. చీటీ రాయలేదు, నోటితో చెబుతుంటే నేరుగా ఎక్కించేశాడు. ఫోను అతనిది కాదు, గదిలో ఇంకొకరిది.

ఆ వారమే డేటాబేస్‌ని మూటలోంచి బయటికి తీశాను. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పాత ఫైలుకి ముందు రెండు నకళ్లు తీసుకున్నాను. ఒకదాని తోకని జిప్ అని మార్చి విప్పితే లోపల డేటాబేస్ అనే సంచి, అందులో నాలుగు ఫైళ్లు. వాటికి ఒకే ఇంటిపేరు తగిలించి వేరే ఫోల్డరులో పెట్టాను. లిబ్రె ఆఫీసులో వచ్చేది హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ 1.8, చాలా పాతది. 2010లో 2.0 వచ్చింది. ఆ కొత్తదాన్ని తెచ్చుకుంటే అది ఒకే ఒక్క జార్ ఫైలు. జార్ కూడా జిప్ మూటే, లోపలంతా కెఫే బేబ్ బొట్టు పెట్టుకున్న క్లాసులు. ఈ కథలో మూటలు తప్ప ఏమీ లేవు.

జార్ దగ్గర ఉంటే చాలదు, అది ఎక్కడుందో ఆఫీసుకి చెప్పాలి. ఐచ్ఛికాల్లో జావా పేజీలో క్లాస్ పాత్ అని ఒక బొత్తం ఉంది (తర్వాతి కూర్పుల్లో ఆ పేజీ పేరు అడ్వాన్స్‌డ్ అయింది). అక్కడ ఆర్కైవ్ చేర్చు అని నొక్కి జార్‌ని చూపించాలి. చూపించాక ఏమీ జరగదు. నేను గంటసేపు అలాగే కొట్టుకున్నాను. జావా యంత్రం ఆఫీసు లోపల ఒక్కసారే లేస్తుంది, లేచేటప్పుడు మోసుకొచ్చిన దారుల జాబితానే దానికి తెలుసు, మధ్యలో చెప్పింది వినదు. కాబట్టి ఆఫీసంతా మూసి మళ్లీ తెరవాలి. కిటికీలన్నీ మూస్తే మూసినట్టు కాదు. గడియారం పక్కన కూర్చునే క్విక్‌స్టార్టర్ బతికే ఉంటుంది, దాన్నీ మూయాలి. తర్వాత కొత్త బేస్ ఫైలులో జేడీబీసీ అని ఎంచుకుని, ఫోల్డరు దారి ఇచ్చి, క్లాసు పేరు రాయాలి: ఓఆర్‌జీ చుక్క హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ చుక్క జేడీబీసీడ్రైవర్. డ్రైవర్‌లో 'డి' పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నవి. పరీక్షించు అని నొక్కితే, డ్రైవరు విజయవంతంగా ఎక్కింది అని వచ్చింది. ఆ వాక్యం చూసి నేను లేచి నిలబడ్డాను.

ఇలా పెట్టుకుంటే రాసిన ప్రతి మార్పూ దాదాపు అర సెకనులో డిస్కు మీద ఒక లాగ్ ఫైలులో పడుతుంది. ఛార్జర్ ఎవరు తీసినా పర్వాలేదు. పరీక్షకి నేనే రెండుసార్లు బ్యాటరీ పీకి చూశాను.

ఇదే సంగతి పొడిగింతల రూపంలో చేసేవాళ్లూ ఉన్నారు. డేనియల్ నాబర్ మొదలుపెట్టిన లాంగ్వేజ్‌టూల్ అనే వ్యాకరణ సాధనం, రైటర్ పత్రాన్ని లాటెక్‌లోకి మార్చే రైటర్2లాటెక్, ఇవి జావా జార్లే. ఓఎక్స్‌టీ అనే మూటలో పెట్టి ఇస్తారు, లోపల ఒక పత్రంలో ఏ జార్ ఏమిటో రాసి ఉంటుంది, వాడేవాడికి క్లాస్ పాత్ గొడవ ఉండదు. ఒకరి జార్ ఇంకొకరి జార్‌తో తగవు పడకుండా ఉండటానికి అదే మంచి పద్ధతి. క్లాస్ పాత్‌లో పెట్టింది ఇంట్లో అందరికీ కనబడుతుంది. రెండు కూర్పుల హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీలు ఒకే ఇంట్లో ఉంటే ఏది పలుకుతుందో చెప్పలేం. నేను అందుకే పాత మూట ఫైళ్లని ఆ యంత్రంలో మళ్లీ తెరవలేదు.

కొత్త డేటాబేస్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను, భద్రంగా ఉందో లేదో అని. స్క్రిప్ట్ అనే ఆజ్ఞ ఇస్తే పట్టిక మొత్తం మామూలు పాఠంగా రాసి ఇస్తుంది. తెలుగు పేర్లేవీ కనబడలేదు. వాటి స్థానంలో వెనుక గీత, యు అక్షరం, నాలుగు అంకెలు. మళ్లీ గీత, మళ్లీ అంకెలు. గుండె జారింది. తర్వాత చూస్తే అన్నీ 0సితో మొదలవుతున్నాయి. 0సి30 అంటే ర. 0సి3ఇ అంటే దీర్ఘం. తెలుగు అక్షరాలన్నిటికీ 0సి ఒకే ఇంటిపేరు. కాకా వచ్చి చూసి, ఇదేం లిపి అన్నాడు. మనదే కాకా, వాళ్ల భాషలో అన్నాను. తన పేరు చూపించమన్నాడు. అతను జాబితాలో లేడు కదా, ఒక కొత్త వరసలో ఎక్కించి, అచ్చు తీసి ఇచ్చాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 3 ఆదివారం పడింది. ఆ ముందు రెండు శుక్రవారాలు కాకా, తమ్ముడు అజ్మాన్ వెళ్లి సైట్ల దగ్గర, ఇరానీ హోటళ్ల దగ్గర ఆ పదకొండో మనిషి కోసం అడిగారు. ఒకచోట, అతను పోయిండు అన్నారు. ఇంటికా, ఇంకో సైటుకా అంటే తెలియదన్నారు. తనంతట తానే కాన్సులేటుకి వెళ్లి ఉండొచ్చు. చాలామంది అలాగే వెళ్లారు. మేం ఒక ఆసరా తప్ప దారి కాదు.

2018లో మళ్లీ క్షమాభిక్ష వచ్చింది, ఆగస్టు 1 నుంచి. అప్పటికి తమ్ముడు కెనడా వెళ్లిపోయాడు. కాకా ఊరికి వెళ్లిపోయాడు, బాల్కొండ దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. నేను అదే పట్టికని వాడాను, ఖాళీ చేసి. 2024 సెప్టెంబరులో మరోసారి ప్రకటించినప్పుడు మా అమ్మాయి ఆ పనంతా ఫోనులోనే ఒక ఆన్‌లైన్ షీటుతో చేసిచ్చింది, జావా లేదు, జార్ లేదు, ఎవరు ఎక్కడ ఛార్జర్ తీసినా ఏమీ పోదు. బాగుంది. కానీ ఆ షీటు ఏ దేశంలో ఉందో, ఎవరి దగ్గరుందో అడిగితే అమ్మాయి, నాన్నా నీకు అన్నీ అనుమానాలే అంది.

మొన్న ఆ పాత డిస్కు బయటికి తీసి కొత్త లాప్‌టాప్‌కి తగిలించాను. లిబ్రె ఆఫీసు 64 బిట్లది, జావా 64 బిట్లది. క్లాస్ పాత్‌లో జార్‌ని మళ్లీ చూపించి, మూసి తెరిచాను. తెరుచుకుంది. 2013 వరసలన్నీ ఉన్నాయి, చివరికి ఒకచోట కాకా పేరు కూడా ఉంది, ఊరు తప్ప ఏ వివరమూ లేకుండా. దాని పైన వరసలో జగిత్యాల అని ఉంది. తండ్రి పేరు గడి ఖాళీ. ఫోను గడి ఖాళీ.